ట్రాక్టరు పెద్ద టైరుకు ఇంట్లోనే గాలి కొట్టిన రోజులు

1980ల్లో మా ఊళ్లో కంప్రెసర్ లేదు. దమ్ముల టైములో వెనక టైరులో తుమ్మముల్లు దిగిందంటే ఇంటిల్లిపాదికీ పనే. ట్యూబుకు ప్యాచ్ వేయడం బాబాయి వంతు. ఆకురాయితో గరుకు చేసి, సొల్యూషన్ రాసి, ఆరనిచ్చి అతికించేవాడు. అసలు కష్టం ఆ తర్వాతే.

వెనక టైరుకు ప్రెషర్ పెద్దగా అక్కర్లేదు, 12 నుంచి 16 పౌండ్లు చాలు. ముందు టైర్లకే అంతకంటే ఎక్కువ కావాలి. కానీ అవి చిన్నవి, నాన్న ఒక్కడే కొట్టేసేవాడు. వెనకదానికి ఎంత కొట్టినా కడుపు నిండదు. రెండు కాళ్లతో పంపు పీట తొక్కిపట్టి, రెండు చేతులా లాగి నొక్కాలి. కాసేపటికి గొట్టం అడుగు చెయ్యి పెట్టలేనంత కాలిపోయేది.

అందుకే గాలికంటే ముందు ట్యూబులోకి నీళ్లు పట్టేవాళ్లం. ఎలాగూ దున్నేటప్పుడు బరువు కోసం నీళ్లు ఉండాల్సిందే. చక్రాన్ని జాకీ మీద లేపి, వాల్వు పైకి వచ్చేలా తిప్పి, పిన్ను తీసి, డాబా మీది డ్రమ్ము నుంచి పైపు దించేవాళ్లం. మధ్యమధ్యలో పైపు తీస్తే లోపలి గాలి బుస్సుమని నీళ్లు చిమ్ముతూ వచ్చేది. పిల్లలం ఆ తుంపర్ల కోసమే అక్కడ చేరేవాళ్లం. నీళ్లు వాల్వు దాకా వచ్చాయంటే ట్యూబులో ముప్పాతిక భాగం నిండినట్టే. ఇక గాలి కొట్టాల్సింది మిగిలిన పాతిక భాగానికే.

అమెరికాలో పాత పెట్రోలు ట్రాక్టర్లకు ఒక స్పార్క్ ప్లగ్ ఊడదీసి, ఆ రంధ్రంలో పంపు బిగించి, మిగతా సిలిండర్ల మీద ఇంజను తిప్పుతూ గాలి పట్టేవాళ్లట. హాయి! మాది డీజిల్ బండి, దానికి ప్లగ్గే లేదు.

గేజీ కూడా లేదు. గట్టినేల మీద టైరు గుబ్బలు ఎన్ని ఆనుతున్నాయో వంగి చూసి, "ఇంకాస్త కొట్టరా" అనేవాడు నాన్న. మరీ తొందరైతే ట్రక్కు టైరు నుంచి పైపు కలిపేవాళ్లం. దాంట్లో ప్రెషర్ ఎక్కువ కాబట్టి గాలి దానంతటదే ఇటు వచ్చేది. తర్వాత ఆ ట్రక్కు టైరుకు మళ్లీ కొట్టుకోవాలనుకోండి, అది వేరే సంగతి.

పంపులో తోలు వాషరు ఎండితే ఎంత నొక్కినా గాలి వెనక్కే తన్నేది. నాయనమ్మ దాన్ని ఆముదంలో నానబెట్టి ఇచ్చేది. ఊళ్లో వాళ్లు పంపు అరువుకు తీసుకెళ్లి, వాషరు ఎండబెట్టి తెచ్చేవాళ్లు. నాన్న పైకేమీ అనకపోయినా, మళ్లీసారి అడిగితే "పంపు చెడిపోయింది" అనేవాడు.