కరెంటు పోతే నీళ్లు ఎక్కడ ఆగుతాయి?

మే నెలలో ఒక రాత్రి రెండు గంటలకు అమ్మ లేపింది. "లేవరా, హాలంతా నీళ్లు!" కరెంటు పోయి పావుగంటయింది. విజయవాడ ఎండాకాలంలో అది కొత్తేమీ కాదు. కొత్తది పది రోజుల క్రితం నేను ఎంతో ఇష్టంగా అమర్చుకున్న సంపు.

సంపు అంటే మనకు ఇంటి ముందు నేలలో కట్టే తొట్టి గుర్తొస్తుంది. చేపల తొట్టికి సంపు అంటే స్టాండు కింద పెట్టే రెండో గాజు తొట్టి. పైన నిండిన నీళ్లు అంచు మీదుగా పొర్లి, పైపులోంచి దిగి, స్పాంజీల గుండా వడకట్టుకుంటూ చివరి గదిలోకి చేరతాయి. అక్కడున్న పంపు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. కరెంటు పోతే ఎత్తడం ఆగుతుంది కానీ దిగడం ఆగదు. పంపు పైపు కొస నీటిలో మునిగి ఉంటే, ఆ పైపులోంచే నీళ్లు వెనక్కి దిగిపోతాయి, కొస గాలికి తేలేదాకా.

నా పైపు కొస 8 సెంటీమీటర్ల లోతులో ఉంది. తొట్టి పొడవు 120, వెడల్పు 45 సెంటీమీటర్లు. లెక్కేస్తే 43 లీటర్లు. సంపులో ఖాళీ 34 లీటర్లే. మిగిలినవి నేల మీదికి వచ్చాయి. ఈ గుణకారం పది రోజుల ముందు చేయాల్సింది.

ఇప్పుడు కొసను 2 సెంటీమీటర్ల లోతుకు తెచ్చాను. దానితో దిగేవి 11 లీటర్లు, పొర్లే అంచు మీద ఉండే పలుచటి పొరతో కలిపి 16. నీటిమట్టానికి కాస్త కిందుగా పైపుకు చిన్న రంధ్రం కూడా పెట్టాను, గాలి పీల్చుకుని ధార తెగిపోవడానికి. నాచు పట్టి అది మూసుకుపోతుంది, అందుకే వారానికోసారి పుల్లతో పొడుస్తాను. దుకాణంలో నాన్ రిటర్న్ వాల్వు, అంటే నీళ్లను వెనక్కి రానివ్వని మూత, పెట్టుకోమన్నారు. దానిలో ఒక్క చిన్న నత్త ఇరుక్కున్నా మూసుకోదు. దాని మీద భారం వేసి నేను నిద్రపోలేను.

దీనికి వ్యతిరేకమైన ప్రమాదం కూడా ఉంది. దిగే పైపు మూసుకుపోతే పంపు తన గదిలోని నీళ్లన్నీ పైకి ఎక్కించేస్తుంది. నా పంపు గదిలో ఉండేవి 19 లీటర్లు, పై తొట్టి అంచు దాకా ఖాళీ 27. కాబట్టి భయం లేదు. గది చిన్నదైనందుకు ఇంకో బాధ్యత ఉంది: ఆవిరయ్యే నీళ్లన్నీ ఆ ఒక్క గదిలోనే తగ్గినట్టు కనిపిస్తాయి. ఎండాకాలంలో రోజూ పొద్దున్నే నీళ్లు పోయకపోతే పంపు గాలి మింగి వేడెక్కుతుంది.

ఇక పంపు సంగతి. పెట్టె మీద గంటకు 3000 లీటర్లని ఉంది. అది ఎత్తు ఏమీ లేనప్పటి లెక్క. సంపు నీటిమట్టం నుంచి పైపు కొస దాకా మా ఇంట్లో 110 సెంటీమీటర్లు, మధ్యలో మూడు ఎల్బోలు (పైపును మలుపు తిప్పే ముక్కలు), అర అంగుళం పైపు. 10 లీటర్ల బకెట్టు పట్టి ఫోనులో సమయం చూశాను. 24 సెకన్లు. అంటే గంటకు 1500. ఎల్బోలు తీసి ముప్పావు అంగుళం మెత్తటి గొట్టం వేస్తే 19 సెకన్లకు వచ్చింది, దాదాపు 1900. పంపు మార్చలేదు, కరెంటు ఖర్చు పెరగలేదు. కొత్త పంపు కొనబోయేవారు ముందు ఒక బకెట్టు పట్టి చూడమని నా గట్టి సలహా.

పైన ఉన్నవి 216 లీటర్లు, తిరుగుతున్నవి గంటకు 1900. ఏంజెల్ చేపలకు అంత ఉధృతి పడలేదు, మూలకు చేరి రెక్కలు ముడుచుకున్నాయి. పంపు తర్వాత వాల్వు పెట్టి 1200కు తగ్గించాను. నీళ్లు పీల్చే వైపు మాత్రం ఎప్పుడూ బిగించకూడదు, పంపు లోపల బుడగలు పుట్టి పాడవుతుంది.

సంపు గాజు మీద, పంపు ఆపినప్పుడు నీళ్లు చేరే చోట ఎర్ర రంగుతో గీత గీశాను. నిన్న కరెంటు పోగానే గుడగుడమని శబ్దం వచ్చి నిమిషంలో ఆగింది. టార్చి వేసుకుని ముందు వంగి చూసింది అమ్మే.

"గీత దగ్గరే ఉన్నాయిరా," అంది.