గుంద్రుక్ మూడో జాడీ కూడా పోయింది

గుంద్రుక్ అంటే ఆవ ఆకులాంటి ఆకుకూరను జాడీలో పులియబెట్టి ఎండబెట్టే నేపాలీ వంటకం. మూత తీయగానే తెలిసిపోయింది. పుల్లటి వాసన రావాల్సింది, కుళ్లిన క్యాబేజీ కంపు వచ్చింది. ఆకు పట్టుకుంటే జిగటగా జారిపోతోంది. ఆరు వారాల్లో ఇది మూడో జాడీ. ఏడుపొచ్చినంత పనైంది.

ఈసారి లెక్కలన్నీ రాసి పెట్టుకున్నాను. అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ వెనకున్న నేపాలీ కొట్లో రాయో సాగ్, అంటే వెడల్పు ఆవ ఆకు, ఏడు కట్టలు కొన్నాను. కాడలతో సహా 1,420 గ్రాములు. కడిగి బాల్కనీలో ఒకటిన్నర రోజు వాడబెడితే 960కి దిగింది. రోట్లో కచ్చాపచ్చాగా దంచి, రెండు లీటర్ల గాజు జాడీలో కుక్కాను. పైన రెండున్నర అంగుళాలు ఖాళీ మిగిలింది. హాల్లో ఏసీ 22 డిగ్రీల మీద ఉంది. నాలుగో రోజు పీహెచ్ కాగితం (పులుపు ఎంతుందో చూపేది, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 చూపించింది. ఎనిమిదో రోజూ అంతే. అప్పటికి 4 దగ్గరికి రావాలి. గుంద్రుక్‌లో ఉప్పు వేయరు కాబట్టి ఆకును కాపాడేది ఆ పులుపొక్కటే. అది ఆలస్యమైతే చెడ్డ బ్యాక్టీరియాదే రాజ్యం.

తేమ మీదే నాకు ఎక్కువ అనుమానం. బరువు మూడో వంతు కూడా తగ్గలేదు. కొట్లో ఆకుకూరల మీద నీళ్లు చల్లుతూనే ఉంటారు, దానికి తోడు నేనూ కడిగాను. రెండో అనుమానం ఆ ఖాళీ మీద, గాలి అక్కడే ఉండిపోయింది. ఫోటో చూపిస్తే కొట్టు దీదీ వెంటనే కాడల దగ్గర వేలు పెట్టింది. "ఇవి ఇంకా విరుగుతున్నాయి కదా భాయి, వంచితే వంగాలి" అంది. వాళ్ల ఊళ్లో జాడీని పగలు ఎండలో, రాత్రి పొయ్యి పక్కన పెడతారట. నేనేమో ఏసీ కింద పెట్టాను.

పోల్చి చూడటానికి దీదీ దగ్గరే 100 గ్రాముల ఎండు గుంద్రుక్ కొన్నాను. పది గ్రాములు వేడి నీళ్లలో నానబెడితే ఆ నీళ్ల పీహెచ్ 4.5 వచ్చింది. వాసన చింతకాయ తొక్కుకు దగ్గరగా ఉంది. నాక్కావలసింది సరిగ్గా ఇదే! ఇంతకుముందు వేరే చోట కొన్న ప్యాకెట్‌లో ఇసుక తగిలింది. అందుకే ఇకమీదట చేత్తో పట్టి చూడకుండా కొనను.

మిగతా నేపాలీ సరుకుల సంగతికొస్తే, జింబు (ఉల్లి జాతి మొక్క ఎండుటాకు) బాగా కుదిరింది: పొట్టు మినప్పప్పు వండి, నేతిలో చిటికెడు జింబు తాలింపు వేస్తే చాలు, వెల్లుల్లి అక్కర్లేదు. టిమూర్ (నాలుక తిమ్మిరెక్కించే, మిరియంలాంటి నేపాలీ మసాలా) కొనేటప్పుడు మాత్రం పెంకులు విచ్చుకుని, నల్ల గింజలు రాలిపోయినవే చూసుకోండి. గింజ పంటి కింద ఇసుకలా తగులుతుంది. పొడి అసలు కొనొద్దు, ఆ నిమ్మ వాసన నిలవదు. వాయ్ వాయ్ నూడుల్స్ వండటం కన్నా పచ్చివే నలిపి, ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి తినడం నాకిష్టం. ఆవ నూనె సీసాల మీద ఒంటికి రాసుకోవడానికే అని రాసి ఉంటుంది. అందులో ఉండే ఎరూసిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం వల్ల ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) ఇక్కడ దాన్ని వంట నూనెగా ఒప్పుకోదు.

నాలుగో జాడీకి శనివారం పొద్దున్నే, నీళ్లు చల్లకముందే కొట్టుకు వెళ్తాను. లావు కాడలు తీసేసి, బరువు సగానికి దిగేదాకా వాడబెడతాను. జాడీ ఒక లీటరుదే వాడి, అంచుదాకా కుక్కి, పగలు బాల్కనీ ఎండలో, రాత్రి లైటు వేసిన ఓవెన్‌లో పెడతాను. పీహెచ్ రోజూ చూస్తాను.

ఈలోగా మస్యౌరా మొదలుపెట్టాలి. చేమ కాడలు, మినప్పప్పు కలిపి పెట్టే వడియాలవి. మా అమ్మ బూడిదగుమ్మడికాయ వడియాలకు పిండి రుబ్బే పద్ధతే దీనికీ పనికొస్తుందనుకుంటున్నాను. చేమ కాడలు శుక్రవారం వస్తాయని దీదీ చెప్పింది, రెండు కట్టలు పక్కన పెట్టమన్నాను.