రెడింగ్‌లోని పల్లె మ్యూజియం

లండన్‌కు పడమరగా, రైలులో అరగంట దూరంలో ఉన్న రెడింగ్ పట్టణాన్ని మనవాళ్లు ఉద్యోగాల ఊరుగానే ఎరుగుదురు. థేమ్స్ వ్యాలీ పార్కులో మైక్రోసాఫ్ట్, ఒరాకిల్ వంటి కంపెనీలు, వాటి చుట్టూ అల్లుకున్న కాంట్రాక్టు పనులు, పక్కనే ఉన్న లోయర్ ఎర్లీలో అద్దె ఇళ్లు, ఇదే మనకు తెలిసిన రెడింగ్. ఇదే ఊరిలో, రెడ్‌ల్యాండ్స్ రోడ్డు మీద, ఇంగ్లండు గ్రామీణ జీవితానికి అంకితమైన మ్యూజియం (మ్యూజియం ఆఫ్ ఇంగ్లిష్ రూరల్ లైఫ్) ఒకటి ఉందనీ, అందులోకి ఎవరైనా టికెట్టు లేకుండా వెళ్లవచ్చనీ ఏళ్ల తరబడి ఇక్కడున్న తెలుగువారిలో కూడా చాలామందికి తెలియదు.

ఈ మ్యూజియాన్ని 1951లో రెడింగ్ విశ్వవిద్యాలయం స్థాపించింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పొలాల్లోకి ట్రాక్టర్లు వేగంగా వచ్చి, గుర్రాలూ చేతి పనిముట్లూ మూలపడుతున్న కాలమది. కొట్టాల్లో తుప్పు పడుతున్న నాగళ్లను, బండ్లను, కొడవళ్లను, బుట్టలను, గొర్రెల కాపరుల కర్రలను సేకరించడమే కాక, ఏ వస్తువు ఏ ఊరిదో, దానిని ఎవరు చేశారో, ఎవరు వాడారో దొరికినంత మేరకు రాసిపెట్టారు. తొలినాళ్లలో చేరిన వస్తువు మీద ఉండే సంఖ్యలో మొదటి రెండంకెలు అది చేరిన సంవత్సరాన్ని చెబుతాయి. 51తో మొదలయ్యే వస్తువు కనిపించినప్పుడల్లా నేను కాసేపు ఆగి చూస్తాను. ఇప్పుడు మ్యూజియం ఉన్న భవనం హంట్లీ అండ్ పామర్స్ బిస్కెట్ల కంపెనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ పామర్ ఇల్లు.

పొద్దున్నే హైదరాబాద్ జట్టుతో కాల్ మొదలై, సాయంత్రం క్లయింటు మీటింగుతో ముగిసే పని నాది. చలికాలంలో నాలుగు గంటలకే చీకటి పడుతుంది కనుక, వెలుతురులో ఊరిని చూసేది శనివారాలే. ఆఫీసులో అందరూ మర్యాదస్థులే. అయితే నీది ఏ ఊరని అడిగినవారు హైదరాబాద్ అన్న జవాబుతో ఊరుకుంటారు, నేనూ అంతకు మించి చెప్పను. నంద్యాల దగ్గరి నల్లరేగడి పల్లెలో సేద్యం చేసే ఇంట్లో పుట్టిన సంగతికి వీసా కాగితాల్లో గాని, ప్రాజెక్టు ఫైళ్లలో గాని చోటు లేదు. ఆ సంగతి ఒకరికి పనికొచ్చింది ఈ మ్యూజియంలోనే.

నాగళ్ల దగ్గర ఒక వృద్ధ వాలంటీరు నిలబడి ఉన్నారు. ఆయన బాల్యమంతా బర్క్‌షైర్ పొలాల్లో గడిచిందట. మా ఇంట్లో ఎద్దులతో అరక కట్టేవాళ్లమని నేను అనగానే ఆయన వరసగా ప్రశ్నలు వేశారు. కాడి మెడ మీద ఎక్కడ ఆనుతుంది? మేడి (నాగలి పిడి) ఒక చేత్తో పడతారా, రెండు చేతులతోనా? నల్లమట్టి కర్రుకు అంటుకోదా? రేగడి తడిస్తే కాలు దిగబడుతుందనీ, ఎండితే నెర్రెలిస్తుందనీ, ఆ రెంటి నడుమ పదును ఉన్న కొద్ది రోజుల్లోనే దున్నుకోవాలనీ చెబుతుంటే ఆయన తలాడిస్తూ విన్నారు. ఈ దేశానికి వచ్చాక నా ఉద్యోగం గురించి కాక నా ఎరుక గురించి ఇంత శ్రద్ధగా అడిగిన మనిషి ఆయనే.

విత్తే యంత్రాల దగ్గర మా నాయనకు వీడియో కాల్ చేశాను. సాళ్లలో విత్తే యంత్రాన్ని 1701 ప్రాంతంలో తయారుచేసిన జెథ్రో టల్ పుట్టింది ఈ దగ్గరలోని బాసిల్డన్‌లోనే. ఆయన యంత్రంలో, పెట్టెలోని గింజలు గాడులు తీసిన రోలర్ల మీదుగా సాలులోకి రాలుతాయి. మేం విత్తడానికి వాడే గొర్రులో ఆ పని చేసేది వెనక నడిచే ఆడమనిషి చెయ్యి. ఎద్దుల నడకకు సరిపోయేలా ఆమె పిడికిలి నుంచి జడ్డిగం అనే గిన్నెలోకి గింజలు వదులుతుంటే, అవి గొట్టాల గుండా సాళ్లలోకి దిగుతాయి. నాయన తెర మీద యంత్రాన్ని అటూ ఇటూ చూసి, "జడ్డిగం యాడరా? ఇత్తనం ఎవరు పోస్తారు?" అని అడిగారు. చక్రం తిరిగితే గింజలు వాటంతటవే పడతాయని చెప్పాను. "అట్లయితే మీ అమ్మ చేసే పని చక్రం చేస్తాది" అన్నారు. వాలంటీరుగారు ఆ మాటకు అర్థం అడిగి, జేబులోని చిన్న పుస్తకంలో రాసుకున్నారు.

ఇలా వచ్చినవారి చేత చెప్పించుకోవడం ఈ సంస్థకు మొదటి నుంచీ ఉన్న గుణమని నా నమ్మకం. తొలి సేకరణల్లో ఒకటి లవీనియా స్మిత్ అనే ఆమెది. అమెరికాలో పుట్టి, ఈస్ట్ హెండ్రెడ్ అనే పల్లెలో స్థిరపడి, ఆ ఊరి సామాన్ల విలువ గుర్తించి తన ఇంట్లో పోగుచేసింది. బయటినుంచి వచ్చిన మనిషి కూడబెట్టిన వస్తువులే ఇంగ్లండు పల్లె జ్ఞాపకానికి ఒక పునాది అయ్యాయన్నది నావంటి వలసజీవికి ఎంతో ధైర్యమిచ్చే విషయం. లాటరీ నిధుల సాయంతో భవనాన్ని మార్చి 2016 అక్టోబరులో తిరిగి తెరిచినప్పుడు కూడా, గ్రామం అంటే పాతకాలం మాత్రమే కాదని, నేటి పొలాలను, నేటి మనుషులను చూపే ప్రయత్నం చేశారు. ఏటా తోటలో జరిగే పల్లె సంబరానికి పక్క వీధులవాళ్లు పిల్లాపాపలతో వస్తారు, మన కుటుంబాలూ కొన్ని కనిపిస్తాయి.

2018లో ఒక భారీ పొట్టేలు పాత ఫొటోను ట్విట్టర్‌లో పెట్టి ఈ మ్యూజియం ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. అది మంచిదే, కానీ నా దృష్టిలో నాగలి పక్కన నిలబడి ప్రశ్నలు అడిగే మనిషి అంతకన్నా ముఖ్యం.

హైదరాబాద్ శిల్పారామంలో పల్లె జీవితాన్ని బొమ్మలతో చూపే మ్యూజియం ఉంది, పిల్లలకు తప్పక చూపించవలసిందే. దానితోపాటు ఊరూరికీ ఒక గది కావాలి. మా ఊళ్లో గొర్రును, గుంటకను, బండి చక్రాన్ని చేసిన వడ్రంగి ఇంకా ఉన్నారు, వాటిని వాడినవాళ్లూ ఉన్నారు. ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు బడిలో ఖాళీగా ఉన్న గదిని అడగాలని అన్నదమ్ములం అనుకున్నాం. ప్రతి పనిముట్టుకూ ఒక చీటీ కట్టి, దాని పేరు, భాగాల పేర్లు, చేసినవారు, వాడినవారు, ఏ పైరుకు ఏ కార్తెలో వాడారు అన్నవి రాయాలి. మొదటి చీటీ గొర్రుకు. దాని మీద నాయన పేరుతోపాటు, విత్తనం పోసిన అమ్మ పేరు కూడా ఉంటుంది.