మెదక్ మందిరంలో ఒకే బల్ల మీద

పాస్టరు కుటుంబమంతా కలిసి ప్రయాణం పెట్టుకోవడానికి వీలు చిక్కే రోజులు ఏడాదిలో చాలా తక్కువ. డిసెంబరు వచ్చిందంటే ఇంటింటా క్రిస్మస్ గీతాలు, ఊరూరా సెమీ క్రిస్మస్ కూడికలు, పండుగ ఆరాధన, 31వ తేదీ అర్ధరాత్రి దాటేదాకా సాగే కృతజ్ఞతా కూడిక, తెల్లవారగానే నూతన సంవత్సర ఆరాధన ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అందుకే అవన్నీ ముగిశాక, జనవరిలో ఒక సోమవారం, మా అమ్మను, భార్యను, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకొని మెదక్ మందిరానికి బయలుదేరాను. ఆ మందిరాన్ని కళ్లారా చూడాలన్నది అమ్మకు ఏనాటి నుంచో ఉన్న కోరిక.

మా ప్రొటెస్టెంటు సంఘాలలో యాత్ర చేసి తీరాలన్న నియమం లేదు. అయినా కీర్తనల గ్రంథంలో 120 నుండి 134 వరకు ఉన్న పదిహేను కీర్తనలకూ యాత్రకీర్తనలని పేరు. ప్రయాణమయ్యే వారి ఇళ్లలో 121వ కీర్తనను, పెళ్లిళ్లలో 128వ కీర్తనను చదవడం నాకు అలవాటు. భోజనపు బల్ల చుట్టూ కూర్చున్న పిల్లలను ఒలీవ మొక్కలతో పోల్చే ఆ 128వ కీర్తన, యాత్రకు వెళ్లేవాడు ఇంటిని మరచిపోకూడదనే ఆ వరుసలో చేరిందేమోనని నాకు అనిపిస్తుంది. హైదరాబాదు నుండి సుమారు 100 కిలోమీటర్ల ఆ దారిలో, బస్సు నర్సాపూర్ అడవి దాటుతుండగా, దానిని మా అబ్బాయి చేత చదివించాను. మా ఇంట్లో రాత్రి ప్రార్థన ఏనాడూ ఆగదు గాని, సగంలో ఎవరో ఒకరు ఆపదలో ఉండి తలుపు తడతారు, నేను లేచి వెళతాను, మిగిలిన సగం నా భార్యే ముగిస్తుంది.

మందిరపు గోపురం 175 అడుగుల ఎత్తు. చదునైన నేల కావడం వల్ల అది దూరం నుంచే కనిపించింది. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ నాయకత్వంలో 1914లో మొదలైన కట్టడం, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో పూర్తయింది. కరువు కాలంలో ఆకలితో ఉన్న జనానికి ఊరికే తిండి పెట్టి పంపకుండా, పని చూపి, కూలి ఇచ్చి, వారి చేతుల మీదుగానే ఈ మందిరాన్ని లేపారన్న సంగతి నాకు ఆ ఎత్తు కంటే గొప్పగా తోస్తుంది. సంఘంలో పేదవారికి సహాయం చేసేటప్పుడు వారి గౌరవాన్ని ఎలా నిలపాలన్నది నేను రోజూ ఎదుర్కొనే ప్రశ్న కాబట్టి, ఆ రాళ్లను చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను.

లోపల బలిపీఠం వెనుక క్రీస్తు ఆరోహణం, పక్కలనున్న కిటికీలలో ఆయన జననం, సిలువ మరణం రంగు అద్దాలలో రూపుదిద్దుకొని ఉన్నాయి. లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వాటికి రూపకల్పన చేశాడు. బయటి వెలుతురు పడితేనే ఆ బొమ్మలు తెలుస్తాయి, చీకటి పడితే లోపల ఎన్ని దీపాలు పెట్టినా కనబడవు.

మేము ఐదుగురం ఒకే బల్ల మీద కూర్చున్నాం. మా మందిరంలో నేను వేదిక మీద ఉంటాను, నా భార్య స్త్రీల వైపు చాపల మీద కూర్చుంటుంది, అమ్మాయి పాటల బృందంలోనూ, అబ్బాయి సండే స్కూలు పిల్లల్లోనూ ఉంటారు, అమ్మ మోకాళ్ల నొప్పుల వల్ల గుమ్మం దగ్గరి కుర్చీ వదలదు. ఇక్కడ నన్ను పాస్టరుగా ఎరిగినవారు లేరు. “నాన్నా, ఇవాళ ప్రార్థన నేను చేస్తాను” అని అమ్మాయి అడిగి, పదో తరగతి పరీక్షల కంటే ముందు, డిసెంబరు కూడికలకు బొంగురుపోయిన నా గొంతు బాగుపడాలని ప్రార్థించింది. ఇంతకాలం ఊరివారి బిడ్డల పేర్లు దేవుని ముందు ఎత్తుతూ వచ్చిన నాకు, నా బిడ్డ నా కోసం ప్రార్థిస్తుంటే ఆమేన్ అనడానికి మాట పెగల్లేదు.

అంతలో ముందు బల్లలో ఒంటరిగా కూర్చున్న ఒక తల్లి ఏడవసాగింది. నా భార్య లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. పరిచయం అడగలేదు, ఉపదేశం చెప్పలేదు, ఆమె చెప్పినదంతా విని, చెయ్యి పట్టుకొని మెల్లగా ప్రార్థించింది. సంఘంలో అందరూ “అమ్మగారు” అని పిలిచే ఆమెకు జీతం లేదు, పదవి లేదు. కానీ కాపురంలో కలతలు గాని, జబ్బులు గాని, అప్పుల బాధలు గాని ముందుగా చేరేది ఆమె చెవికే, తరువాతే నాకు. పాస్టరు సేవ అని జనం పిలిచే పనిలో సగానికి పైగా ఆమెదేనని నేను గట్టిగా నమ్ముతాను.

తిరుగు ప్రయాణంలో అమ్మ, “మనమంతా ఇలా మన గుడిలోనూ కూర్చుంటే బాగుండును కదరా” అంది. ఆ వారమే సంఘ పెద్దల ముందు ఆ మాట పెట్టాను. ఐదు ఆదివారాలు వచ్చే నెలల్లో చివరి ఆదివారం పక్క ఊరి పాస్టరు గారిని వాక్యం చెప్పడానికి పిలుద్దామని, ఆ రోజు నేను నా కుటుంబంతో కలిసి ఆరాధనలో కూర్చోవచ్చునని వారు సంతోషంగా ఒప్పుకొన్నారు.