బ్యాకప్ ఉంది సరే, తిరిగి తెచ్చి చూశారా?

2021 నవంబరు వానలకు తిరుపతి మునిగినప్పుడు మా ఆఫీసులోకి మోకాళ్ల లోతు నీళ్లొచ్చాయి. సర్వర్ నేల మీదే ఉండేది, బ్యాకప్ డిస్క్ దాని పక్కనే. రెండూ కలిసే తడిశాయి.

బీరువా పై అరలో ఇంకో డిస్క్ ఉందని గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. తగిలించి చూస్తే చివరి కాపీ ఆగస్టుది! డిస్క్ నిండిపోయి బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయింది, ఆ సంగతి చెప్పే మెయిల్ రోజూ వెళ్తూనే ఉంది, కాకపోతే ఉద్యోగం మానేసిన అబ్బాయి ఐడీకి. తడిసిన బిల్లు పుస్తకాలు మేడ మీద ఆరబెట్టి, అంటుకుపోయిన కాగితాలు ఒక్కొక్కటీ విడదీసి, మూడు నెలల లెక్కలు మళ్లీ ఎక్కించాం.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. 2017 జనవరి 31న, సాఫ్ట్‌వేర్ వాళ్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైటులో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. ఐదు రకాల ఏర్పాట్లున్నా అవసరానికి ఏదీ అక్కరకు రాలేదు, బ్యాకప్ ఫెయిలవుతోందని చెప్పే మెయిళ్లు అక్కడా ఎవరికీ అందలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన కాపీయే ఆదుకుంది.

అందుకే బ్యాకప్ ప్లాన్ రాసేముందు యాజమాన్యాన్ని కూర్చోబెట్టి రెండు సంగతులు తేల్చుకోండి. ఎన్ని గంటల పని పోయినా తట్టుకోగలం, ఎంతసేపట్లో మళ్లీ నడవాలి. ఐటీ వాళ్లు మొదటిదాన్ని ఆర్‌పీఓ అని, రెండోదాన్ని ఆర్‌టీఓ అని అంటారు. మాకు జీతాల లెక్క ఒక రోజుది పోయినా పర్లేదు, కౌంటర్ బిల్లింగ్ గంట పోయినా కష్టమే, కాబట్టి దానికి మాత్రం గంటగంటకూ కాపీ తీస్తాం.

మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరి బయట అనేది పాత సూత్రమే. మా డిస్క్ ఒకటి ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేకుండా చేసి, వారం వారం చిత్తూరు బ్రాంచికి పంపిస్తాం, సుమారు 70 కిలోమీటర్లు. ఇంకో కాపీ క్లౌడ్‌లో. కాపీ అవగానే డిస్క్ పీకేయడం మాత్రం మరిచిపోవద్దు, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ వస్తే తగిలించి ఉన్న డిస్క్‌నీ వదలదు.

ఇప్పుడు నెలకోసారి, రెండో శనివారం, ఓ పాత కంప్యూటర్‌లో అంతా మొదటినుంచీ రీస్టోర్ చేసి చూస్తాం. మొదటిసారి డిస్క్ తెరవడానికే గంటన్నర పట్టింది, దాని పాస్‌వర్డ్ రాసుకున్న ఫైలు ఆ సర్వర్‌లోనే ఉంది మరి. ఆ పాస్‌వర్డ్ ఇప్పుడు కాగితం మీద, సీలు వేసిన కవరులో, చిత్తూరు మేనేజర్ గారి బీరువాలో ఉంది.