కాలిన సరుగుడు తోటలో ఇసుక జారకుండా ఆపుకున్నాం

అంతర్వేది వైపు, సముద్రానికి దగ్గర్లో మాకు ఇసుక దిబ్బ మీద సరుగుడు తోట ఉంది. ఈ ఎండాకాలం పక్క గట్టు మీద ఎండుగడ్డి అంటుకుని, ఆ మంట పాకి తోట సగానికి పైగా కాలిపోయింది. చెట్లు పోయిన బాధ ఒక ఎత్తు, రాబోయే వానల టెన్షన్ ఇంకో ఎత్తు. దిబ్బ కిందే పంట బోదె, దాన్ని ఆనుకుని మా బాబాయ్ గారి రొయ్యల చెరువు.

"ఇసుక నేల కదండీ, ఎంత వానైనా ఇంకిపోద్ది" అన్నారు ఊళ్లో. మామూలప్పుడు నిజమే. కానీ మే నెలలో పడిన చిన్న జల్లుకే దిబ్బ మీంచి నల్లటి నీళ్లు జారాయి. వ్యవసాయ డిగ్రీ చదివిన మా మేనల్లుడు బూడిద పక్కకి తోసి, ఇసుక మీద నాలుగు నీటి చుక్కలు వదిలాడు. తామరాకు మీద నిలిచినట్టు నిలిచిపోయాయి.

"రాలిన ఆకులో మైనం లాంటి పదార్థాలుంటాయి మావయ్యా. మంటకి అవి ఆవిరై కిందికి దిగి, చల్లగా ఉన్న ఇసుకకి పూతలా పడతాయి" అన్నాడు. నేల 175 నుంచి 200 డిగ్రీల దాకా వేడెక్కిన చోట ఈ పొర బాగా గట్టిపడుతుందట. 300 డిగ్రీలకి చేరితే మైనమే కాలిపోతుంది. మా తోటలో బాగా మండిన చోట నీళ్లు ఇంకి, ఓ మోస్తరుగా కాలిన చోట జారిపోవడం ఎందుకో అప్పుడు అర్థమైంది. బంకమట్టి కంటే ఇసుకకే ఈ బెడద ఎక్కువ.

సాయంత్రం బాబాయ్ గారు వచ్చారు. "బూడిద నీళ్లు చెరువులో పడితే పీహెచ్ పెరుగుద్దిరా, అప్పుడు ఉన్న అమోనియానే విషమైపోద్ది" అన్నారు. ఆయన భయం న్యాయమైనదే. మర్నాటి నుంచి తన మనుషుల్ని కూడా పనికి పంపారు.

అన్నిటికంటే ముందు, ఆకు ఊడ్వొద్దని అందరికీ చెప్పాను. మా దగ్గర పొయ్యిల్లోకి సరుగుడు ఆకు ఊడ్చుకెళ్తారు. మాడిన చెట్ల నుంచి రాలే ఆ ఎర్రటి ఆకే కాలిన నేలకి మొదటి కప్పు, అదీ పైసా ఖర్చు లేకుండా. ఊడ్చుకునే ఆడవాళ్లకి బదులుగా కాలిన కొమ్మలు ఇచ్చాను, సంతోషంగా ఒప్పుకున్నారు.

వాలు తక్కువున్న చోట పై రెండు మూడు అంగుళాల ఇసుకని దంతెతో కదిపి ఆ పొరని విరగ్గొట్టాం. పిల్లిపెసర, జనుము విత్తనాలు చల్లి, పైన దాళ్వా (రెండో పంట) వరి గడ్డి పరిచాం. నేలలో మూడింట రెండొంతులు కప్పితే వాన చినుకు దెబ్బ చాలావరకు తగ్గుతుంది. మరీ మందంగా పరిస్తే మొలకే పైకి రాదు. సముద్రపు గాలికి గడ్డి ఎగరకుండా కొబ్బరి మట్టలు అడ్డంగా వేశాం.

వాలు ఎక్కువున్న చోట కాలిన మొద్దుల్ని వాలుకి అడ్డంగా పడుకోబెట్టాం. ఈ పని కంటి అంచనాతో చేస్తే చెడుతుంది. మొద్దు ఒక పక్కకి వాలితే నీళ్లన్నీ అటే చేరి గండి కొడతాయి. తాపీ మేస్త్రి దగ్గర ట్యూబ్ లెవెల్ తెచ్చి మట్టం చూశాం. ప్రతి మొద్దునీ కాస్త గుంట తీసి కూర్చోబెట్టి, మేకులు దిగ్గొట్టి, కింద సందులో ఇసుక కూరి తొక్కాం. బోదె గట్టున కొబ్బరి డొక్కలు వరస పేర్చి, వాటి వెనక వట్టివేరు నాటాం.

కాలిన కర్ర కొనడానికొచ్చిన వ్యాపారి మొదళ్లు కూడా పొక్లెయిన్‌తో పీకిస్తానని, రేటు పెంచుతానని అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చచ్చిన వేరైనా కొన్నేళ్లు ఇసుకని పట్టుకునే ఉంటుంది.

జూన్ వానలకి బోదెలో నీళ్లు కాస్త మసకగా వచ్చాయి కానీ నల్లగా రాలేదు. బాబాయ్ గారి చెరువుకి ఏమీ కాలేదు. తూర్పు మూల మాత్రం ఇంకా కోస్తోంది, అక్కడ రెండు మొద్దుల వెనక ఇసుక నిండిపోయింది. మేం 1996 నవంబరు తుఫాను చూసినవాళ్లం. అందుకే ఈ అక్టోబరులోపే ఆ మూలకి కొబ్బరి పీచు జాలీ పరిపించే ఏర్పాటులో ఉన్నాను.