హంటింగ్డన్ నుంచి సినిమా గదికి

లండన్ కింగ్స్ క్రాస్‌లో పీటర్‌బరో వైపు వెళ్ళే రైలెక్కితే దాదాపు గంటలో హంటింగ్డన్ వస్తుంది. పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లండ్‌ను పాలించిన ఆలివర్ క్రామ్‌వెల్ 1599లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆయనా, దినచర్య గ్రంథంతో పేరు పొందిన శామ్యూల్ పీప్సూ చదువుకున్న పాత బడి ఇప్పుడు క్రామ్‌వెల్ మ్యూజియంగా ఉంది. ఆ చిన్న కట్టడాన్నీ, ఊజ్ నది మీద మధ్యయుగం నుంచి నిలిచి ఉన్న రాతి వంతెననూ చూశాను కానీ, నన్ను అక్కడికి రప్పించింది వేరొక పేరు. ధ్వని పరికరాల తయారీలో అర్ధశతాబ్దానికి చేరువవుతున్న మెరిడియన్ ఆడియో సంస్థ నివాసం ఈ ఊరే.

ఆ సంస్థ ఉన్న చోటు యాత్రాస్థలం కాదు. పరిశ్రమల వాడలో, గిడ్డంగులూ వర్క్‌షాపుల మధ్య, ప్రత్యేకత ఏమీ కనబడని కట్టడం. బయటి నుంచే చూసి వెనుదిరిగాను. ఇంత ఖరీదైన వస్తువులు ఇంత సాదాసీదా వీధిలో తయారవుతాయా అని ఎవరైనా అనుకుంటే అందులో తప్పులేదు. అయితే బ్రిటిష్ ఆడియో సంస్థలు చాలావరకు ఇలాంటి చిన్న ఊళ్ళలోనే పెరిగాయి.

మెరిడియన్‌ను 1977లో స్థాపించినవారు ఇద్దరు. బాబ్ స్టువర్ట్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. మనిషి చెవి శబ్దాన్ని ఎలా గ్రహిస్తుందన్న శాస్త్రం మీద ఆయనకు ప్రత్యేకమైన ఆసక్తి. అలెన్ బూత్రాయిడ్ పరికరాలకు రూపం ఇచ్చే డిజైనర్. వారి తొలి స్పీకర్ ఎం1లోనే తరువాతి కథకంతటికీ బీజం ఉందని నా అభిప్రాయం. మామూలు స్పీకర్‌లో ఒకే యాంప్లిఫయర్ నుంచి వచ్చిన శక్తిని పెట్టె లోపలి కాయిల్స్, కెపాసిటర్లు విడగొట్టి, మంద్రస్వరాలను పెద్ద డ్రైవర్‌కూ (శబ్దం పుట్టించే భాగానికి) తారస్వరాలను చిన్న డ్రైవర్‌కూ పంపుతాయి. ఎం1లో ఆ విభజన ముందే, బలహీనమైన సంకేతం స్థాయిలోనే జరిగిపోయి, ఆ పైన ఒక్కొక్క భాగానికి దానిదైన యాంప్లిఫయర్ ఉంటుంది. యాక్టివ్ స్పీకర్ అంటే ఇదే. దానిలో నియంత్రణ ఎక్కువ, కానీ ఖరీదైన యాంప్లిఫయర్‌ను విడిగా ఎంచుకొని మురిసిపోయే అభిరుచి గలవారికి ఈ పద్ధతి అంతగా నచ్చదు.

1980లలో సీడీ వచ్చినప్పుడు నాణ్యతకు పేరుపడ్డ సంస్థలలో కొన్ని డిజిటల్ ధ్వనిని అనుమానంగా చూశాయి. మెరిడియన్ మాత్రం ఫిలిప్స్ సీడీ ప్లేయర్‌ను తీసుకొని, దాని విద్యుత్ భాగాలను మెరుగుపరచి, తన పేరుతో విడుదల చేసింది. ఆ దశాబ్దం ముగిసి 1990లు మొదలయ్యే వేళకు డిజిటల్ సంకేతాన్ని నేరుగా స్పీకర్ పెట్టెలోకే పంపి, స్వరవిభజనను లెక్కలతో లోపలే జరిపించే స్థితికి చేరుకుంది. రెండు స్పీకర్లతో పాట వినే శ్రోతకు ఇదొక విలాసం. అదే సంవత్సరాలలో సినిమా ఇంట్లోకి వచ్చింది. 1987లో చుట్టూ ధ్వని వినిపించే డాల్బీ ప్రో లాజిక్, 1995లో లేజర్ డిస్క్ మీద విడివిడి చానళ్ళ (ఒక్కో స్పీకర్‌కు వేరుగా వెళ్ళే) ధ్వని, ఆ వెంటనే డీవీడీ రావడంతో గదిలో రెండు పెట్టెలు కాస్తా ఐదూ ఏడూ అయ్యాయి. అన్ని చానళ్ళకూ యాంప్లిఫయర్లు పేర్చి లావుపాటి తీగలు లాగడం కంటే, ప్రతి స్పీకర్‌కూ ఒక సన్నని డిజిటల్ తీగ సరిపోవడం ఎంత సౌకర్యమో అప్పుడు అర్థమైంది. సంగీతం కోసం కనిపెట్టిన పద్ధతికి అసలైన అవసరం సినిమా గదిలో దొరికింది.

హంటింగ్డన్ నుంచి కేంబ్రిడ్జికి బస్సులో వెళ్ళాను. సెయింట్ ఐవ్స్ దాటిన తరువాత ఆ బస్సు మామూలు రోడ్డు వదిలి, పాత రైలు మార్గం మీద వేసిన కాంక్రీటు దారిలో, స్టీరింగ్ తిప్పనవసరం లేకుండా పరుగెడుతుంది. చుట్టూ కనుచూపు మేరా చదునైన నేల. కేంబ్రిడ్జి దగ్గర హోమ్ థియేటర్లు అమర్చే ఒక సంస్థ ప్రదర్శన గదిలో ధ్వనిని సరిచేసి స్పీకర్లకు పంచే మెరిడియన్ 861 ప్రాసెసర్‌నూ, లోపలే డిజిటల్ లెక్కలు చేసే డీఎస్‌పీ స్పీకర్లనూ వినడానికి ముందుగానే అనుమతి తీసుకున్నాను. 861 అనేది 2000 ప్రాంతంలో వచ్చిన పరికరం. లోపల విడివిడి కార్డులు ఉంటాయి. కొత్త సాంకేతికత వచ్చినప్పుడు పెట్టెను కాకుండా కార్డును మార్చుకోవచ్చు. ఏటా మోడల్ మారే ఈ రంగంలో ఆ నిర్ణయాన్ని నేను చాలా గౌరవిస్తాను.

అక్కడ కూర్చున్నప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చింది ఒక లెక్క. ఆరు చానళ్ళ సంగీతాన్ని సెకనుకు 96,000 నమూనాల (ధ్వని కొలతల) చొప్పున, నమూనాకు 24 బిట్ల చొప్పున భద్రపరిస్తే సెకనుకు 1.38 కోట్ల బిట్లు అవుతాయి. సంగీతం కోసం రూపొందిన డీవీడీ-ఆడియో డిస్క్ ధ్వనికి ఇవ్వగలిగింది సెకనుకు 96 లక్షల బిట్లు మాత్రమే. ఒక్క బిట్ కూడా పోకుండా ఆ సంగీతాన్ని ఇందులో ఇమడ్చడం ఎలా? చానళ్ళ మధ్య ఉండే పోలికనూ, ఒక నమూనాను బట్టి తరువాతిదాన్ని ఊహించగల వీలునూ వాడుకొని, ఊహకూ వాస్తవానికీ మధ్య తేడాను మాత్రమే రాసిపెట్టే విధానాన్ని స్టువర్ట్, పీటర్ క్రేవెన్, మైఖేల్ గెర్జోన్ రూపొందించారు. దాని పేరు మెరిడియన్ లాస్‌లెస్ ప్యాకింగ్, క్లుప్తంగా ఎంఎల్‌పీ. గెర్జోన్ 1996లోనే మరణించారు. 1999లో ఖరారైన డీవీడీ-ఆడియో ప్రమాణంలో తమ పద్ధతికి చోటు దక్కడాన్ని ఆయన చూడలేదు.

డీవీడీ-ఆడియో బజారులో నిలవలేదు. సోనీ, ఫిలిప్స్ సంస్థల ఎస్‌ఏసీడీ అనే మరో సంగీత డిస్క్‌తో పోటీలో రెండూ సామాన్య శ్రోతకు దూరంగానే ఉండిపోయాయి. అయితే ఎంఎల్‌పీ ఆ డిస్క్‌తో పాటు అంతరించలేదు. డాల్బీ సంస్థ బ్లూ-రే కోసం ట్రూహెచ్‌డీ అనే ధ్వని పద్ధతిని తయారు చేసినప్పుడు దానికి ఎంఎల్‌పీనే పునాదిగా తీసుకుంది. ఇప్పుడు బ్లూ-రే డిస్క్ మీద వచ్చే, తలపై నుంచి కూడా శబ్దం వినిపించగల డాల్బీ అట్మాస్ ధ్వని సాధారణంగా ప్రయాణించేది ట్రూహెచ్‌డీలోనే. మెరిడియన్ పేరు ఎన్నడూ వినని వారి ఇళ్ళలో కూడా హంటింగ్డన్ పని పలుకుతున్నదన్నమాట.

ఇక నేను విన్నది. ఆ గదిలో తలపై స్పీకర్లు లేవు. చుట్టూ ఏడు, వాటికి తోడు మంద్రస్వరాలకే ప్రత్యేకమైన సబ్‌వూఫర్. ఒక వాన దృశ్యం మొదలుకాగానే స్పీకర్లు ఎక్కడున్నాయన్న స్పృహ పోయింది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి ఒక స్పీకర్ మీటరు దూరం జరిగితే దాదాపు 3 మిల్లీసెకన్ల తేడా వస్తుంది. ప్రాసెసర్ ఆ తేడాలన్నీ సరిచేసి అన్ని శబ్దాలనూ కుర్చీ దగ్గరకు ఒకే వేళకు చేరుస్తుంది. మంద్రస్వరాలు ఇంకా కష్టం. 5 మీటర్ల పొడవున్న గదిలో 34 హెర్ట్జ్ (సెకనుకు 34 కంపనాలు) దగ్గర ధ్వని గోడల మధ్య చిక్కుకొని, మూలం ఆగిన తరువాత కూడా మోగుతూనే ఉంటుంది. మెరిడియన్ గది సవరణ ఆ అనవసరపు మోతను తగ్గిస్తుందే తప్ప తారస్వరాల జోలికి పోదు. సవరణను ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి వినిపించమన్నాను. సవరణ లేనప్పుడు పేలుడు పెద్దగా, బొద్దుగా వినిపించి ఆకట్టుకుంటుంది. ఉన్నప్పుడు చిన్నదిగా తోస్తుంది, కానీ ఆ వెంటనే పలికిన మాట స్పష్టంగా చెవికి తగులుతుంది. నేను రెండవదానికే ఓటు వేస్తాను.

చివరగా పాత రెండు చానళ్ళ గాత్ర సంగీతం అడిగాను. గెర్జోన్ ఆలోచనల నుంచి వచ్చిన ట్రైఫీల్డ్ పద్ధతిలో అది ముందున్న మూడు స్పీకర్ల మీదికి విస్తరిస్తుంది. గొంతు గది మధ్యలో స్థిరంగా నిలిచింది. కుర్చీ మార్చి పక్కకు కూర్చున్నా కదలలేదు. సినిమా కోసం పెట్టిన మధ్య స్పీకర్ సంగీతానికి చేసిన ఈ మేలును శుద్ధ స్టీరియో వాదులు ఒప్పుకోరు. వారితో నాకు పేచీ లేదు, కానీ వారు పక్క కుర్చీలో కూర్చొని విని చూడాలి.

ఆ తరువాతి ప్రయాణం ఇంత సాఫీగా లేదు. మెరిడియన్ నుంచి పుట్టి 2014లో ప్రకటితమైన ఎంక్యూఏ అనే ధ్వని కుదింపు పద్ధతి తీవ్ర వివాదాల మధ్య నడిచి, దాని సంస్థ 2023లో దివాలా పాలన కిందికి వెళ్ళింది, అదే ఏడు లెన్‌బ్రూక్ అనే కెనడా సంస్థ చేతికి వచ్చింది. ఎంఎల్‌పీ అయితే లోపలికి వెళ్ళిన బిట్లే బయటికి వచ్చాయని ఎవరైనా సరిచూసుకోగలరు. ఎంక్యూఏ విషయంలో శ్రోత చాలావరకు మాట నమ్మవలసి వచ్చింది. నా దృష్టిలో ఆ రెండింటి భవితవ్యాలను వేరుచేసింది ఇదే. మెరిడియన్ పేరు మాత్రం రేంజ్ రోవర్ కార్లలోకీ, ఎల్‌జీ సౌండ్‌బార్ల మీదికీ చేరింది. గోడలు దగ్గరగా ఉండి, వినేవాడు ఒక పక్కకు కూర్చునే కారు లోపల సవరణ లెక్కలు మరింత అవసరం. సినిమా గదిలో నేర్చుకున్న పనికి అది సహజమైన కొనసాగింపుగానే నాకు కనిపిస్తుంది.